లినక్స్‌లో వినిపించిన గొంతు

కొత్త విండోస్ ఎక్కని పాత కంప్యూటర్లకు మా బెల్లంపల్లిలో ఇప్పుడు ఉచితంగా దొరికే లినక్సే దిక్కు. మా వీధిలో ఆ పని నాకే చెబుతారు. ఈ మధ్యాహ్నం రాజయ్య మామ ఇంటికి వెళ్లాను. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన ఆయనకు చూపు బాగా తగ్గింది. అందుకని లినక్స్ వేశాక, తెరమీది అక్షరాలు చదివిపెట్టే తెలుగు ఆడగొంతు కూడా ఆన్ చేశాను.

"స్వాగతం" అంది కంప్యూటర్.

వంటింట్లో గిన్నె కిందపడింది. అత్త పరుగున వచ్చింది.

"గిది మా లత గొంతు!"

లత వాళ్ల కూతురు. నిరుడు జ్వరంతో పోయింది. నేను గొంతు ఆపబోతే మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"బంద్ చెయ్యకు బిడ్డా. కరీంనగర్ హాస్టల్ల ఉన్నప్పుడు రోజూ ఫోన్ల ఏందో చదివి రికార్డ్ చేస్తుండె. 'తెలుగు కంప్యూటర్లకు నా గొంతు ఉత్తగనే ఇస్తున్న బాపూ' అనేది."

అత్త అడిగితే, లత తల్లిని పిలిచినట్టే 'అవ్వా' అని టైపు చేశాను. కంప్యూటర్ పిలిచింది.

"ఆఁ, చెప్పు బిడ్డా" అంటూ అత్త కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

ఇంటికొచ్చి చూస్తే నా కంప్యూటర్లోనూ అదే గొంతు ఉంది. ఇంకా ఆన్ చేయలేదు. లినక్స్ వాడేవాళ్లయితే మీ దాంట్లోనూ ఉండొచ్చు. మీరైతే ఆమెతో ఏం చదివిస్తారు?