ఓబులయ్య మామ చేసిన దొంగబొమ్మ

నిన్న పొద్దున కమలాపురంలో బస్సు దిగుతున్నాను. టీకొట్టు దస్తగిరి అన్న రోడ్డు మీదికి వచ్చి చెప్పాడు.

"అబ్బీ, మీ బొమ్మల మామ పోయినాడంట."

"నోరు మూసుకో అన్నా" అన్నాను.

ఆయన నిజంగానే మూసుకున్నాడు. అప్పుడు నమ్మాను.

తోలుబొమ్మలాడించే ఓబులయ్య మామ ఇక లేడు.

రాయడానికి కూర్చుంటే ఏడుపు రావడం లేదు. కోపం వస్తోంది. అదే రాస్తాను. ఈ కాగితం మన రీడింగ్ రూమ్ బోర్డుకు అంటిస్తున్నాను. చింపేవాళ్లు చింపుకోండి. ఇంకోటి రాస్తాను.

మా ఊరి బయట పాడుబడిన గుడి ఉంది. పూజ లేదు, పూజారి లేడు. దాని గోడ మీద నాట్యం చేస్తున్న ఆడమనిషి శిల్పం ఉండేది. ఎన్ని వందల ఏళ్లదో ఎవరికీ తెలియదు. నడుము ఒక పక్కకు ఒరిగి, చెయ్యి తల మీదికి ఎత్తి ఉండేది. మామ తాతముత్తాతలు ఆమెను చూసే తమ ఆటకత్తె బొమ్మను కోసేవారు. బొమ్మ పాతబడినప్పుడల్లా మామ కొత్త మేకతోలు తీసుకుని గుడికి వెళ్లి, ఆమె ముందు పరుచుకుని గీత గీసేవాడు.

"ఈమె మా ఇంటి గురువు బ్బీ. దక్షిణ అడగదు, తిట్టదు" అనేవాడు.

పోయినేడు అలాగే తోలు చంకన పెట్టుకుని వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను.

గోడ మీద రెండు పాదాలే ఉన్నాయి.

మిగతాదంతా ఉలితో కొట్టి పెకిలించుకుపోయారు. కింద తాజా రాతిపొడి. గుడి ముందు లారీ చక్రాల జాడ.

లారీ ఎవరిదో ఊరంతటికీ తెలుసు. రోడ్డు కాంట్రాక్టరుది. శిల్పం మద్రాసు చేరి ఓడెక్కిందని ఆయన డ్రైవరే తాగి వాగాడు. ఇప్పుడు ఏ దేశంలోనో ఏ దొర ఇంటి హాల్లోనో ఉంటుంది. పాదాలు లేకుండా.

నేను ఆఫీసుల చుట్టూ తిరిగి రిపోర్టులిచ్చాను. ఒక గుమాస్తా నవ్వాడు. "రాయి పోతే రిపోర్టేందప్పా? కొండంతా రాయే గదా, ఇంగోటి తెచ్చుకోండి."

సరే, కరపత్రం వేద్దామనుకున్నాను. "ఓ దోపిడీదారులారా" అని మొదలుపెట్టి మామకు చదివి వినిపించాను.

"శానా బాగుండాది. ఇది సదివేటోళ్లు ఊర్లో ఎంతమంది బ్బీ?"

"చదవనివాళ్లకు నేను చదివి వినిపిస్తా" అన్నాను రోషంగా.

"నువ్వు వినిపీ. నేను సూపిస్తా" అన్నాడు.

ఆటకత్తె కోసం తెచ్చిన తోలుతోనే కాంట్రాక్టరును కోశాడు. బొజ్జ, కోరమీసం, తలపాగా కుచ్చు, చంకలో రాతి ఆడమనిషి.

దేవుళ్ల బొమ్మలు ఒక మూటలో, రాక్షసుల బొమ్మలు వేరే మూటలో ఉంచడం వాళ్ల ఆచారం. "దీన్ని రాక్షసుల్లో పెట్టు మామా" అన్నాను.

"రావణాసురుడు ఒప్పుకోవద్దా? ఆయప్పకూ ఒగ మర్యాద ఉండాది."

పాత చెప్పులతో కలిపి గోనెసంచిలో చుట్టాడు.

తర్వాత తిరునాళ్లలో ఆట. పెట్రోమాక్స్ లైటు ఇచ్చిన పెద్దమనిషిగా కాంట్రాక్టరు ముందు వరసలో కుర్చీ వేసుకున్నాడు.

కథ మధ్యలో వచ్చి నవ్వించే బంగారక్క బొమ్మ ఎవరినైనా తిట్టవచ్చు. తిట్లు తిన్నవాడు నవ్వి ఊరుకోవాలి. కోపం తెచ్చుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే. మా వైపు పద్ధతి అది.

తెర మీదికి దొంగబొమ్మ వచ్చింది.

"సంకలో ఎవురప్పా?" అంది బంగారక్క.

"నా పెండ్లాం."

"మరి కాళ్లు యాడ?"

"పారిపోతాదని ఊర్లోనే ఇడ్సొచ్చినా."

జనం గొల్లుమన్నారు. కాంట్రాక్టరు కూడా నవ్వి ఉంటే బతికిపోయేవాడు. నవ్వలేదు. బొమ్మను లాక్కోవాలని తెర వెనక్కి దూరాడు. అక్కడ వెలుగుతున్నది ఆయనిచ్చిన లైటే.

ఆయన నీడ తెర మీద పడింది. అదే బొజ్జ, అదే మీసం, అదే కుచ్చు. బొమ్మ పక్కనే.

బంగారక్క గొంతు మామ భార్య నరసమ్మత్తది. ఆమె తడుముకోలేదు. "అయ్యో, మా బొమ్మకైనా రంగులుండాయి. ఈయప్ప ఉత్త నలుపే!"

ఆ రోజు జనం వేసిన కేకలు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కొన్నాళ్లకు మామను దారి కాసి కొట్టారు. కుడిచేతి వేళ్లు విరిచారు. కొట్టిందెవరో తెలియదని స్టేషన్‌లో రాసుకున్నారు. నాకు తెలుసు. మీకూ తెలుసు. అయినా మామ ఎడమచేత్తో ఆ బొమ్మను ఆడిస్తూనే వచ్చాడు. ఒళ్లు మాత్రం మళ్లీ కోలుకోలేదు.

నిన్న శవం ఇంకా వాకిట్లో ఉండగానే కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. పూలదండతో!

"కర్సంతా మా అయ్యది. ఆ బొమ్మను మాత్రం ముసలాయనతో పాటే సాగనంపండి. ఏట్లో ఇడిసేది మీ పద్ధతే గదా?"

పద్ధతంట! పాతబడిన బొమ్మలకు మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో వదులుతారు, నిజమే. ఆ ఒక్క బొమ్మ మునిగితే దొంగ ఎవరో చూపించేది ఊళ్లో ఇంకేమీ ఉండదు. అందుకే వాడికి ఇంత భక్తి.

ఇంట్లో కట్టెలకు కూడా గతి లేదు. అత్త లోపలికి వెళ్లి గోనెసంచి తెచ్చింది. ఇచ్చేస్తుందేమో అనుకున్నాను.

"ఏట్లో ఇడిసేది సచ్చిన బొమ్మనప్పా. ఇది సావలేదు. మీ అయ్య పోయినాక రా. ఇద్దరినీ కలిపి ఇడుస్తాం."

సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. వాడు దండ పట్టుకుని వచ్చిన దారినే పోయాడు. కట్టెలు దస్తగిరి అన్న తెచ్చాడు.

నాకు బొమ్మ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. అత్త నేర్పుతానంది. కాంట్రాక్టరు రోడ్డు వేసిన ప్రతి ఊరికీ, కడప నుంచి ఆలూరు దాకా, ఆ రోడ్ల మీదే నడిచి వస్తాం.

పోయిరా మామా. నీ వేళ్లు ఇక నొప్పెట్టవు, ప్రశాంతంగా నిద్రపో.

వాడిని మాత్రం మేము నిద్రపోనివ్వం.