తలకాయ ముక్క

నిన్న చిత్తూరు మార్కెట్లో, తొట్టిలో కొట్టుకుంటున్న కొర్రమీనును చూడగానే చెల్లెలు సుగుణ గుర్తొచ్చింది.

దసరా ముందు వానలకు చెరువులో కొత్తనీళ్లు చేరగానే ఇద్దరం గాలాలు పట్టుకుని కట్ట ఎక్కేవాళ్లం. ఎరగా గుచ్చిన వానపాము మీద ఉమ్మి వేయడం మీకూ గుర్తుందా? సుగుణ బెండు మునిగేది, నాది కదిలేది కాదు. చేప పట్టినవాళ్లకే పులుసులో తలకాయ ముక్క. అది మా ఇంటి కట్టుబాటు.

"నువ్వు ఉమ్మితే చేపలు పారిపోతాండాయి రా," అని నాయన నవ్వేవాడు.

"తోక తినన్నా, అది గూడా చేపే!" అనేది సుగుణ, తలకాయ జుర్రుకుంటూ. నాకు కడుపు మండేది.

నిన్న ఆ కొర్రమీనునే కొని పులుసు పెట్టించాను. తలకాయ నా కంచంలో పడగానే సుగుణకు ఫోన్ చేసి చెప్పాను.

"పట్టినావా, కొన్నావా?" అంది.

ముక్క తీసి మా ఆవిడ కంచంలో వేశాను.