తోమని పన్నెండు మీటర్లు

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దిగాక మా ఆర్మీ ట్రక్కు ఎడమవైపు సందులోకి తిరిగింది. ఉదయం ఆరున్నర. సన్నటి వాన. దిగింది నలుగురం. సామాన్ల గోడౌన్ చుట్టూ భూమిలో ఉన్న ఫైర్ పైపు మాటిమాటికీ కారుతోంది. నలభై రోజుల్లో దాన్ని ప్రెషర్ టెస్టుకు నిలబెట్టాలని ఆర్డరు. నేను పుట్టిన ఉప్పుగూడ అక్కడికి దగ్గరే. అయినా ఇంటికి పోవడానికి సెలవు లేదు.

నేను హవల్దార్ని, పద్నాలుగేళ్లుగా పైపులు బిగించే ఫిట్టర్ని. మొదటి వారంలో మూడు చోట్ల క్లాంపులు బిగించాను. పక్కనే మళ్లీ కారింది. పాత తుప్పే అన్నాను.

మాతో వచ్చిన లాన్స్ నాయక్, నాకంటే రెండు మెట్లు కిందివాడు, వరంగల్ కుర్రాడు, డిప్లొమా చదివినవాడు. పైపు కోసం తవ్విన కందకంలోకి దిగి మేకుతో పైపు గీకాడు. నల్లటి జిగురు ఊడింది. కుళ్లిన గుడ్డు వాసన. కింద ఇనుములో చొక్కా గుండీలంత గుంతలు. గాలాడని తడి బంకమట్టిలో బతికే బాక్టీరియా పనే ఇదని, అవి వదిలే వాయువు ఇనుమును తింటుందని చెప్పాడు. మా పని చూసే సుబేదార్ సాబ్ వానలో నిలబడి అరగంట విన్నాడు. పద్నాలుగేళ్లలో నా మాట ఎవరూ అట్లా వినలేదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

బంకమట్టి తీసేయాలి. ఇనుము మెరిసేదాకా తోమాలి. గుంత లోతుగా ఉంటే ఆ ముక్క కోసి కొత్తది వేయాలి. తర్వాత పూత, పైన టేపు చుట్టు, నీరు నిలవకుండా ఇసుక. పైపుకు బదులు తాము కరిగిపోయే మెగ్నీషియం దిమ్మెలు తీగతో కలపాలి. ఇదంతా అతని ప్లాను. మనిషికి పన్నెండు మీటర్లు. అతని పేరు నాయక్ ప్రమోషన్‌కు రాస్తానన్నాడు సుబేదార్. చేతి మీది ఆ నాయక్ పట్టీకి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

నా పన్నెండు మీటర్లు నేను తోమలేదు. గుడ్డతో తుడిచి పూత పూసేశాను.

"అన్నా, ఇనుము మెరిసేదాంక తోమినవా?" అని అడిగాడు లాన్స్ నాయక్.

"తోమిన. నాకు నేర్పుతవా ఏంది?"

"గట్ల కాదన్నా. గుంత లోతుంటే పైపు ఆగదు."

ముప్పై ఎనిమిదో రోజు, పదకొండింటికి టెస్టు. కందకం ఇంకా పూడ్చలేదు. ప్రెషర్ మీటరు ముల్లు పది మీదికి ఎక్కింది. ఇరవై నిమిషాలు నిలిచింది. నా ముక్కలో పూత చీల్చుకుని నీళ్లు చిమ్మాయి. ఎవరు చెక్ చేశారని సుబేదార్ వాకీటాకీలో అడిగాడు. నా చేతిలోనూ సెట్టు ఉంది. బటన్ నొక్కలేదు.

"నేనే చూసిన సాబ్. గలతీ నాదే," అన్నాడు లాన్స్ నాయక్.

అప్పుడు కూడా నాకు సిగ్గు కంటే ముందు అసూయే కలిగింది. ఇందులోనూ వాడే నాకంటే ముందున్నాడు.

ముక్క మార్చాం. రెండోసారి పైపు నిలిచింది. ఆ ఏడు అతని పేరు పైకి పోలేదు. నిజం చెబుదామని సుబేదార్ గది గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాను. డ్యూటీ ముగిశాక సంచి భుజాన వేసుకుని ఉప్పుగూడకు నడిచి వెళ్లాను. ఎట్లా జరిగిందని అమ్మ అడిగితే మంచిగనే అన్నాను.

టెస్టు పోయిన ఆ మధ్యాహ్నం మాత్రం నన్ను వదలదు. మోకాళ్ల లోతు బురద నీళ్లలో వంగి, తల ఎత్తకుండా, అతను నా పన్నెండు మీటర్లు తోముతున్నాడు.