ప్రజలు: ఒకరు

ఉద్యోగం నుంచి రిటైరై పన్నెండేళ్లయినా కండక్టరమ్మకి తలలు లెక్కపెట్టే అలవాటు పోలేదు. పొద్దున్నే కిటికీ తెరిచి, వీధి మొదట్లో బస్సు కోసం నిలబడ్డవాళ్లని లెక్కపెడుతుంది. పదిహేడు. ఒకావిడ చంకలో పసిపిల్ల. పిల్లకి టికెట్టు లేదు కనుక పదిహేడే. బస్సొచ్చి అందరినీ ఎక్కించుకుపోయాక వెనక్కి తిరిగి తన గదిని చూసుకుంటుంది. అక్కడ లెక్కపెట్టడానికేమీ ఉండదు.

రిటైరైన మరుసటి ఏడాది ఏదో కాగితం పని మీద పురపాలక కార్యాలయానికి వెళ్లి, ఏ తలుపో తెలియక సభ జరుగుతున్న హాల్లో అడుగుపెట్టింది. వెనక ఒక బెంచీ ఉంది. దాని మీద ‘ప్రజలకు’ అని రంగుతో రాసి ఉంది. వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము. చేతిరుమాలుతో తుడిచి కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు. ముప్పై ఏళ్లు కిక్కిరిసిన బస్సులో నిలబడి బతికిన మనిషికి నలుగురి గొంతులు వినపడే చోటు దొరకడమే గొప్ప. కాలవల గురించీ, వీధి దీపాల గురించీ కౌన్సిలర్లు కీచులాడుకుంటుంటే ఒళ్లో సంచీ పెట్టుకుని వింది. మరుసటి నెలా వెళ్లింది. అలా ప్రతి నెలా రెండో బుధవారం ఆమెకి డ్యూటీ అయిపోయింది.

ఆ హాల్లో ఒక మూల బల్ల దగ్గర సభ పుస్తకం రాసే గుమాస్తా కూర్చునేవాడు. బక్కపలచని మనిషి, కళ్లజోడుకి దారం. హాజరు పేజీలో కౌన్సిలర్ల సంతకాల కింద ‘ప్రజలు’ అని ఒక గడి ఉండేది. అంతవరకూ అందులో సున్నా చుట్టేవాడు. ఆమె వచ్చాక ‘ఒకరు’ అని రాయడం మొదలుపెట్టాడు.

మూడో నెలకి ఆయన ‘అక్కా’ అన్నాడు. ఐదో నెలకి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. సభ అయ్యాక ఫ్లాస్కు మూతలో ఆమెకి సగం టీ పోసిచ్చేవాడు.

“ఇవాళ ఆవలింతలెన్ని అక్కా?”

“పద్నాలుగు. అందులో ఛైర్మన్‌గారివే ఆరు.”

“పుస్తకంలోకి ఎక్కించనా?”

“ఎక్కించు తమ్ముడూ. ఇవాళ ఏకగ్రీవంగా జరిగింది అదొక్కటేగా.”

నెలంతటిలో ఆమె నవ్వుతూ మాట్లాడేది ఆ పావుగంటే.

పదకొండేళ్లు ఒక్క సభ తప్పలేదు. పన్నెండో ఏట ఒక రెండో బుధవారం నాడు మాత్రం ఒళ్లు కాలిపోయే జ్వరంతో లేచింది. గోడ పట్టుకుని వీధి చివర ఆరోగ్య కేంద్రం దాకా నడిచింది. రెండు మంచాలూ ఒక నర్సూ ఉన్న చిన్న కేంద్రం అది. పది గంటలకి నర్సు రిజిస్టరులో పేరు రాసుకుని పడుకోబెట్టింది. సాయంత్రం దాకా సెలైన్ ఎక్కుతూనే ఉంది.

తేరుకుని వీధిలోకి వచ్చేసరికి వారం పట్టింది. ఆ కేంద్రం గేటుకే ఒక నోటీసు అంటించి ఉంది. రెండో బుధవారం నాటి సభ తీర్మానం ప్రకారం నెలాఖరుకి కేంద్రం మూసేసి, పెద్ద రోడ్డు అవతలి ఆస్పత్రిలో కలిపేస్తారట. చివరి వాక్యం: ‘సభకు హాజరైన ప్రజల నుంచి ఎలాంటి అభ్యంతరమూ రాలేదు.’

ఆ సభకి వెళ్లేదెవరో వీధి వీధంతటికీ తెలుసు. పక్కింటి దర్జీ వదిన కుట్టు మిషను ఆపి మరీ బయటికొచ్చింది.

“ఏం వదినా, నెలనెలా ముస్తాబై వెళ్లేది ఇందుకేనా? బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని వచ్చావా? మా అత్త రోజూ ఇంజెక్షన్ కోసం ఆ లారీలన్నీ దాటుకుని పోవాలా?”

“ఆ రోజు నేను వెళ్లలేదు వదినా.”

“మరి ఎవరు వెళ్లారు, నీ నీడ వెళ్లిందా?”

కండక్టరమ్మ సంచీ తీసుకుంది. తిన్నగా కార్యాలయానికి వెళ్లింది. గుమాస్తా సంతోషంగా కుర్చీ లాగి, అడగ్గానే పుస్తకం తెరిచి చూపించాడు. ప్రజలు: ఒకరు. అభ్యంతరం: లేదు.

“తమ్ముడూ, ఆ రోజు నేను రాలేదు.”

“నువ్వు రాకపోవడమేంటక్కా!” అని నవ్వాడు.

“సెలైన్ ఎక్కించుకుంటూ పడున్నాను.”

ఆయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “పొద్దున రాగానే తేదీ రాస్తాను. ఆ చేత్తోనే నిన్నూ రాసేస్తాను. తలెత్తి చూడను. సూర్యుడొచ్చాడా లేదా అని చూసుకుని ఎవరైనా తేదీ వేస్తారా అక్కా?” అన్నాడు. “మనిషి ఉన్నట్టు రాశాను, మాట వినపడలేదు. అభ్యంతరం లేదని రాశాను.”

“దిద్దెయ్.”

“నా అంతట నేను దిద్దకూడదు. నువ్వు అర్జీ పెట్టాలి. పెడితే నా మీద విచారణ.” గొంతు తగ్గించాడు. “రిటైరవడానికి పద్నాలుగు నెలలే ఉంది నాకు.”

మూడు రోజులు ఆమె అర్జీ కాగితం ముట్టుకోలేదు. పదకొండేళ్లలో తనని అంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు. ఆ నమ్మకంలోంచే తప్పు పుట్టింది. కానీ ఎక్కని మనిషికి టికెట్టు కొట్టకూడదని ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పారు. ఇప్పుడు తను ఎక్కని బస్సుకి తన పేరు మీదే టికెట్టు తెగింది. ఆ టికెట్టు మీద దర్జీ వదిన అత్త ఊతకర్రతో పెద్ద రోడ్డు దాటాలి.

నాలుగో రోజు నర్సు దగ్గర రిజిస్టరు నకలు తీసుకుని అర్జీ రాసింది. గుమాస్తా మాటే ఎత్తకుండా రాద్దామని చూసింది, కుదరలేదు. ‘పొరపాటున’ అన్న మాట మాత్రం నాలుగు చోట్ల రాసింది.

తీర్మానం రద్దయింది. మరుసటి నెల మళ్లీ విచారిస్తామని నోటీసు వేశారు. ఆ బుధవారం ప్రజల బెంచీ చాలలేదు. నిలబడ్డవాళ్లతో కలిపి యాభై మూడు మంది. దర్జీ వదిన ఛైర్మన్ ఆవలించడానికి వ్యవధి ఇవ్వకుండా మాట్లాడింది. కేంద్రం ఉన్నచోటే ఉంటుందని తేల్చారు. అందరూ చప్పట్లు కొడుతుంటే కండక్టరమ్మ మూల బల్ల వైపు చూసింది. అక్కడ ఎవరో కొత్తమ్మాయి రాసుకుంటోంది.

గుమాస్తాని పాత భవనంలో రికార్డుల గదికి మార్చారని తెలిసింది. ఒకరోజు ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్లింది. కట్టల మధ్య నుంచి ఆయన లేచి నిలబడ్డాడు.

“రండమ్మా, కూర్చోండి. ఏ కాగితం కావాలి మీకు?”

“కాగితం కాదు తమ్ముడూ. టీ తెచ్చాను.”

“డ్యూటీలో తాగనండి.”

తిట్టినా బాగుండేది. తిడితే జవాబు చెప్పుకోవచ్చు. ఆ ‘అండీ’కి ఏం జవాబు చెబుతుంది? ఫ్లాస్కు మూత ఇంకోసారి బిగించుకుని వచ్చేసింది.

ఆ తర్వాతి సభకి తొమ్మిది మంది వచ్చారు. దాని తర్వాత ఇద్దరు. “మిషను మీద పని పేరుకుపోయింది, నువ్వున్నావుగా వదినా,” అని దర్జీ వదిన కూడా మానేసింది.

కండక్టరమ్మ ఇప్పటికీ రెండో బుధవారాలు వెళుతోంది. సభ మొదలయ్యాక కొత్తమ్మాయి కుర్చీలోంచి లేచి, బెంచీ వైపు చూసి, అప్పుడు కూర్చుని ‘ఒకరు’ అని రాస్తుంది. సభ అయ్యాక పుస్తకం సర్దుకుని వెళ్లిపోతుంది. కండక్టరమ్మ ఒంటిగంటా పది బస్సెక్కి, టికెట్టు తీసుకుని ఇంటికి వస్తుంది.