డౌట్లన్నీ బస్సులోనే

మా జహీరాబాద్ ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ టీముకు కొత్త టెస్టింగ్ పద్ధతి నేర్పే పని నాది. ఈ రోజు సాయంత్రం క్లాసులో చివరి పావుగంట ప్రశ్నలకే ఉంచాను. ఒక్కరూ నోరు విప్పలేదు. అందరి చూపూ గోడ గడియారం మీదే. ఎంతో శ్రద్ధగా పాఠం సిద్ధం చేసుకున్న నాకు మనసు చివుక్కుమంది.

మా ఇల్లు దారిలోనే కాబట్టి వాళ్లతోపాటే కంపెనీ బస్సెక్కాను. బస్సు గేటు దాటిందో లేదో, రోజూ కోహీర్ నుంచి వచ్చే స్వప్న నా సీటు దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ రెండో స్టెప్పు జర మళ్ల చెప్పున్రి. నాకు సమజ్ కాలే."

"ఇందాక అడగొచ్చు కదమ్మా!"

"ఆడ అడుక్కుంట కూసుంటే బస్సు పోతది సార్. ఇది పోతే మేం ఇంటికి ఎట్ల పోవాలె? ఈడైతే బస్సు మనతోనే ఉంటది గద."

అంతే, మిగతావాళ్లూ చుట్టూ మూగారు. చెబుతూ చెబుతూ నా స్టాపు దాటిపోయాను. ఇప్పుడు కోహీర్‌లో తిరుగు బస్సు కోసం నిలబడి ఇది రాస్తున్నాను.

ఇంతలో మా మేనేజర్ మెసేజ్: "ఒక్క డౌటూ రాలేదట, క్లాసు సూపర్!"

క్లాసు పొద్దున పెట్టమని రేపే అడుగుతాను. ఒప్పుకోకపోతే ఆయన్నీ ఈ బస్సెక్కిస్తాను. ఇంతకీ మీ ఆఫీసుల్లో డౌట్లు ఎక్కడ బయటికొస్తాయండీ?