చిన్నాన్న మింగిన తుమ్ము

మా చిన్నాన్న వాచీలు బాగుచేస్తాడు. మెట్ల కింద అలమారంత దుకాణం. నాకు పని లేనప్పుడల్లా, అంటే ఎప్పుడూ, అక్కడే కూర్చుంటాను. లోపల ఫ్యాను లేదు. వేస్తే బల్ల మీది స్క్రూలు లేచి పక్కవీధిలో దిగుతాయి. వాటి ముందు ఆవగింజ గుమ్మడికాయంత.

అందుకే ఆ బల్ల దగ్గర తుమ్మడం నేరం. ఎవరైనా ముక్కు చిట్లిస్తే చాలు, చిన్నాన్న బోర్లా పడి వాచీని పొట్టకింద దాచేస్తాడు. తనకే వస్తే ముక్కు నొక్కి, పెదాలు బిగించి గుటుక్కున మింగేస్తాడు. ఒకసారి అలా మింగితే ఆ అదురుకి గోడ మీద ఆగిపోయిన గడియారం కదిలింది. ఇప్పటికీ నడుస్తోంది. నమ్మకపోతే మీ ఖర్మ.

అలాంటి మనిషికి పైదవడలో వెనక పన్ను ఊడి చాలాకాలమైంది. "ఒక పక్కే నమిలి నమిలి మీ మొహం ఒరిగిపోతోంది" అని పిన్ని పోరుపెట్టి, పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. పన్ను లేనిచోట ఎముక కాగితంలా పలచబడిందట. దాని పైన సైనస్ అనే గాలి గది. ఆ గది నేలని పొరతో సహా కాస్త పైకెత్తి, కింద ఎముక పొడి నింపి, అందులో స్క్రూ బిగించి, అది గట్టిపడ్డాక పన్ను పెడతారట. స్క్రూ అనగానే చిన్నాన్న కళ్ళు మెరిశాయి.

"ఏ సైజండీ?"

"సైజు సంగతి నాకొదిలేయండి. తుమ్మొస్తే నోరు బార్లా తెరిచి తుమ్మండి. ముక్కు మూశారో, గాలి పైకి తన్ని పొర చిరుగుతుంది" అంది డాక్టరమ్మ.

చిన్నాన్న బుద్ధిగా తలూపాడు. తల వింది గాని చెయ్యి వినలేదు. ఆపరేషనయ్యాక దుకాణంలో తొలి తుమ్ముకే ఆ చెయ్యి తనంతట తాను ముక్కు మీదికి వెళ్ళిపోయింది. గుటుక్! లోపల ఏదో టప్‌మంది. కాసేపటికి ముక్కులోంచి తెల్లటి పలుకొకటి రాలి, విప్పిన వాచీ పక్కన పడింది. చిన్నాన్న కంటికి భూతద్దం బిగించి, దాన్ని పట్టకారుతో అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఏ వాచీదిరా? ఇలాంటి పార్టు నేనెప్పుడూ చూళ్ళేదు."

"వాచీది కాదు చిన్నాన్నా, నీ మొహంది."

నీళ్ళు తాగితే సగం ముక్కులోంచి వచ్చాయి. ఎక్స్‌రేలో చూస్తే స్క్రూ సైనస్‌లోకి ఎక్కి, అద్దె కట్టని మనిషిలా కాళ్ళు చాపుకుని పడుకుంది. ముక్కు డాక్టరు గొట్టం పెట్టి దాన్ని బయటికి లాగాడు.

"మానాక ఇంకొక్కసారి చేస్తాను. అప్పుడూ మింగారో, ఇక పన్ను మాట మర్చిపోండి. ముందు తుమ్మడం నేర్చుకోండి" అంది డాక్టరమ్మ.

పూర్తిగా మానాక పిన్ని మిరియాల పొడితో పాఠం మొదలుపెట్టింది.

"నోరు! నోరు తెరవండి!"

"తెరిస్తే తుమ్ము పారిపోతోందే!"

"పారిపోతే పట్టుకురండి. ఇంకో చిటికెడు పీల్చండి!"

పిన్ని తుమ్మింది, నేను తుమ్మాను, ఎదురింటాయన కిటికీ మూసుకుంటూ తుమ్మాడు. చిన్నాన్న మాత్రం పిల్లికూన దగ్గినట్టు "హుఁ" అన్నాడు. ఆ చదువుతోనే రెండో ఆపరేషన్‌కి వెళ్ళాడు.

కొన్నాళ్ళకి మళ్ళీ దుకాణం తెరిచాడు. రిటైరైన జడ్జిగారి పాత వాచీ బల్లనిండా విప్పి ఉంది, ఆయనేమో ఎదురుగా కూర్చుని ఉన్నారు. చిన్నాన్న ముక్కు అదిరింది. చెయ్యి లేచింది. చిన్నాన్న ఆ చేతిని చూశాడు, వాచీని చూశాడు. చప్పున రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని నోరు తెరిచాడు.

పుట్టినప్పటినుంచీ మింగిన తుమ్ములన్నీ ఒక్కసారే వచ్చాయి. జడ్జిగారి టోపీ వీధి దాటింది. షట్టరు దానంతటదే సగం దిగింది. బల్ల మీద గుడ్డ కూడా మిగల్లేదు.

"నా వాచీ!" అంటూ జడ్జిగారు నేల మీద పాకుతున్నారు.

"ఒక్క నిమిషం సార్" అని చిన్నాన్న నావైపు తిరిగి నోరు తెరిచాడు. "చూడరా, కదిలిందా?"

టార్చి వేసి చూశాను. కుట్లు కుట్లలాగే ఉన్నాయి. నెత్తురు చుక్క లేదు.

"లేదు చిన్నాన్నా. బండలా ఉంది."

చిన్నాన్న హాయిగా ఊపిరి పీల్చుకుని జడ్జిగారి పక్కనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"మీరు బల్ల కింద చూడండి సార్, నేను గుమ్మం చూస్తాను."