ఫ్రిజ్‌లో తాళాలు

నా చిన్నప్పుడు ప్రశ్న నేనే అడిగి, జవాబూ నేనే చెప్పేదాన్ని. ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపే వాళ్లది తప్పని తేల్చేసేదాన్ని. ఇప్పుడు తగ్గిందని మా ఇంట్లో ఎవరూ అనరనుకోండి.

అప్పుడు మేం మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌లో ఉండేవాళ్లం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమక పడకుండా చూసే వైటూకే పనులతో నాన్న శనివారాలు కూడా ఆఫీసులోనే. పక్కింట్లో అయిదుగురు కుర్రాళ్లు అద్దెకుండేవారు. నలుగురికి కంప్యూటర్లే లోకం. అయిదో అన్నయ్య చదివేదీ కంప్యూటర్లే గానీ, మనసంతా యూనీలో, అదే యూనివర్సిటీలో, ఫిల్మ్ క్లబ్ మీదే. తన చిన్న సినిమా తీయడానికి వాళ్లింట్లో నిమిషం నిశ్శబ్దం దొరకదని మా ఇల్లు అడిగాడు. అమ్మ సరేనంది.

అక్కడ డిసెంబరంటే నడివేసవి. ఆ ఎండలో ఇద్దరు స్నేహితులతో, కెమెరాతో, అరువు తెచ్చిన సౌండు రికార్డరుతో వచ్చాడు. ముందు హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టాడు. రోజూ నాకు వినపడని మా ఫ్రిజ్ లారీలా రొద పెడుతోంది. గోడ గడియారం, ఎదురింటి కుక్క, అమ్మ గాజులు, అన్నీ చెవిలోకి వచ్చి కూర్చున్నాయి. అతను అమ్మకు చెప్పి ఫ్రిజ్ ఆపేశాడు. ఆపి, తన కారు తాళాలు అందులో పెట్టి తలుపు మూశాడు.

"అన్నయ్యా, కీస్ ఎవరైనా ఫ్రిజ్‌లో పెడతారా? దట్స్ సో సిల్లీ."

"అదెందుకంటే బంగారం..."

"నాకు తెలుసు. పరధ్యానంగా పెట్టేశావ్."

"సరే లాయరు గారూ, ముట్టుకోకండి" అని నవ్వి పనిలో పడ్డాడు.

స్నేహితుల చేత మాటలు చెప్పించడం అయ్యాక, మనుషుల్లేని గది చప్పుడు కూడా కావాలన్నాడు. మాటకీ మాటకీ మధ్య అతుకు తెలియకుండా అది వేస్తారట. మెషీన్ నడుస్తుండగానే అందరినీ పెరట్లోకి తీసుకెళ్లాడు. ఖాళీ గది ఏం మాట్లాడుతుందో విందామని నేను వెనక్కి జారుకున్నాను. అదేమీ మాట్లాడలేదు. ఊరికే ఉండలేక తాళాలు తీసి, గుమ్మం పక్కన కొక్కేనికి తగిలించాను. సాయం చేశాననే నా నమ్మకం.

అయిదింటికల్లా మెషీన్ యూనీలో ఇచ్చేయాలి. ఆ హడావుడిలో కొక్కేనికి వేలాడుతున్న తాళాలు అందుకుని అతను వెళ్లిపోయాడు. మేమూ బయటే తిని వచ్చి పడుకున్నాం. మర్నాడు తమ్ముడి మొదటి పుట్టినరోజు. నలభైమంది కోసం అమ్మ రెండు రోజులుగా వండి దాచినదంతా ఆ ఫ్రిజ్‌లోనే పులిసిపోయింది.

"స్విచ్ వేయడం మర్చిపోయాను ఆంటీ. తప్పు నాదే" అన్నాడు అన్నయ్య.

"ఇక మా ఇంట్లో సినిమాలొద్దు బాబూ" అంది అమ్మ. అప్పటికి సగం సినిమా మిగిలే ఉంది. మిగతాదీ ఈ ఇంట్లోనే తీస్తే తప్ప మొదటి సగం ఎందుకూ పనికిరాదు.

వారం తర్వాత, మా ఇంట్లో ఉండిపోయిన మైకు స్టాండు కోసం వచ్చాడు. గుమ్మం మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి, మళ్లీ అరువు తెచ్చిన రికార్డరులో ఆ రోజు టేపు వేసి హెడ్‌ఫోన్స్ పెట్టాడు. ఖాళీ గది. తర్వాత చిన్న అడుగులు. ఫ్రిజ్ తలుపు రబ్బరు విడిన చప్పుడు. తాళాల గలగల. ఎవరో ముక్కుతో కూనిరాగం తీస్తున్నారు. ఆ ముక్కు నాదే.

"ఈసారి చెప్పనిస్తావా?" అన్నాడు. తల ఊపాను. "తాళాలు లేకుండా కారు కదలదు కదా. వాటి కోసం ఫ్రిజ్ తెరుస్తాం, స్విచ్ గుర్తొస్తుంది. మా పనిలో ఇదో అలవాటు."

"ఇది అమ్మకి వినిపిస్తావా?"

"ఇది గది చప్పుడు టేపమ్మా. సినిమాకి తప్ప దేనికీ వాడను."

నేనే వంటింట్లోకి వెళ్లి, తాళాలు తీసింది నేనని చెప్పాను. అమ్మ కిటికీలోంచి అతన్ని చూసింది. "ఆ స్టాండు లోపలే ఉండనిమ్మని చెప్పు" అంది.

ఇప్పటికీ వాదిస్తాను. గెలుస్తాను కూడా. కానీ ఎవరి తప్పుకైనా రుజువు నా చేతికి దొరికిన రోజున, ఆ టేపు పట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్లని మనిషి గుర్తొస్తాడు. అది ముందు వాళ్లకే వినిపిస్తాను. వాళ్లంతట వాళ్లు లేచి లోపలికి వెళ్లి ఒప్పుకునేదాకా మెట్ల మీదే కూర్చుంటాను.